గేరు పడని బండి – బాగు చేయించాలా, వదిలించుకోవాలా?

ఇంట్లో పాతబడిన వస్తువుకి జబ్బు చేస్తే ఇల్లాలికి రెండు తలనొప్పులు. ఒకటి, ఆ వస్తువు లేక పని ఆగిపోవడం. రెండోది, దాన్ని బాగు చేయించాలా, పారేసి కొత్తది కొనాలా అన్నది తేలకపోవడం. మిక్సీ అయితే వెయ్యి రూపాయల్లో తేలుతుంది. ఫ్రిజ్ అయితే ఐదారు వేలు. మరి కారుకి, అందులోనూ ఖరీదైన ఆటోమేటిక్ కారుకి, గేర్‌బాక్స్ పోతే? లక్షల్లో మాట!

కారు సంగతి మగవాళ్ళు చూసుకుంటారు, మనకెందుకమ్మా అంటారా? బండి నడిపేది వాళ్ళయినా ఖర్చు ఇంటిదే కదా! ఆ లక్షలు ఏ చీటీలోంచో, ఏ బంగారం కుదువలోంచో రావాలి. కాబట్టి ఈ వారం వంటగది దాటి వాకిట్లోకి వద్దాం.

మా ఇంట్లో ఈమధ్యే ఈ లెక్క వేయాల్సి వచ్చింది. మావారికి మందుల హోల్‌సేల్ వ్యాపారం. పాతికేళ్ళు స్కూటర్ మీదే తిరిగారు. 2019లో ఆయన ముచ్చటపడి ఒక విదేశీ కంపెనీ సెడాన్‌ని సెకండ్‌హ్యాండ్‌లో తొమ్మిదిన్నర లక్షలకి కొన్నారు. 2012 మోడల్. పేరు చెప్పను గానీ, రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, రెండు వందల పైచిలుకు గుర్రాల శక్తి. కాలు కాస్త నొక్కితే వీపు సీటుకి అతుక్కుపోతుంది! చింత చచ్చినా పులుపు చావదన్నట్టు, పదమూడేళ్ళు వచ్చినా దాని దూకుడు తగ్గలేదు. ఆదివారం పొద్దున్నే బకెట్టు, గుడ్డ పట్టుకుని మావారు దానికి స్నానం చేయిస్తుంటే, పిల్లాడు చిన్నప్పుడు ఈయన ఒక్కరోజైనా ఇలా నలుగు పెట్టారా అని మా అత్తగారు నవ్వుతారు.

2025 సంక్రాంతి వెళ్ళాక ఆ బండి మొరాయించడం మొదలుపెట్టింది. ఇంజన్ గోల పెడుతుంది, బండి మాత్రం కదలదు. రివర్సులోంచి ముందుకి మారిస్తే రెండు మూడు క్షణాలు ఆలోచించి, వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఎగురుతుంది. చివరికి ఓ రోజు నందిగామ దగ్గర ఒకే గేరులో బిగుసుకుపోయి, ఎంత నొక్కినా నలభై దాటలేదు.

అసలు లోపల ఏముంటుంది?

రోగం తెలియందే మందు ఖరీదు కట్టలేం. నాకు అర్థమైన మేరకు మన వంటింటి భాషలో చెబుతాను.

గేర్లు వాటంతట అవే మారే బండ్లన్నీ ఒకటే అనుకోకండి. మన దేశంలో 2014లో సెలెరియోతో వచ్చిన ఏఎంటీ రకం ఉంది. అది మామూలు గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేరు వేయడం మన బదులు ఒక చిన్న యంత్రం చేస్తుంది. సీవీటీ అని ఇంకో రకం. రెండు కప్పీల మధ్య బెల్టు ఉండి, కప్పీలు వెడల్పూ సన్నం అవుతూ వేగాన్ని మారుస్తాయి. రెండు క్లచ్‌లు ఉండే డీసీటీ మూడో రకం. నాలుగోది టార్క్ కన్వర్టర్ ఉండే అసలు సిసలు ఆటోమేటిక్. అమెరికాలో 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చిన హైడ్రా-మాటిక్ దగ్గర్నించి, మారుతూ మారుతూ వస్తున్న పాత కుటుంబం ఇది. మా బండిది ఈ రకమే. మీ బండిది ఏ రకమో ముందు తెలుసుకోండి. రకాన్ని బట్టి రిపేరు ఖర్చు చాలా తేడా వస్తుంది.

రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేయండి. దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా? టార్క్ కన్వర్టర్ చేసే పని అదే. గాలి బదులు నూనె. ఇంజన్ ఒకవైపు తిప్పితే నూనె తాకిడికి రెండోవైపు తిరిగి చక్రాలకి శక్తి వెళుతుంది. ఆ వెనక గేర్లు. ఏ గేరు పని చేయాలో నిర్ణయించేవి క్లచ్ ప్లేట్లు. ఇడ్లీ స్టాండులో రేకుల్లాగా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. నూనె ఒత్తిడితో వాటిని గట్టిగా నొక్కితే ఆ గేరు పడుతుంది, వదిలితే ఊడుతుంది. ఆ నూనెని ఎటు పంపాలో చూసేది వాల్వ్ బాడీ. మేడ మీద ట్యాంకు నుంచి ఏ గదికి నీళ్ళు వెళ్ళాలో పంపుల వాల్వులు తిప్పి చూసుకుంటాం చూడండి, అలాంటిది. కాకపోతే తిప్పేది కంప్యూటర్.

ఇప్పుడు రోగం వినండి. కుక్కర్ గాస్కెట్ గట్టిపడితే ఆవిరి పక్కనుంచి పోయి విజిల్ రాదు. గేర్‌బాక్సులో సీళ్ళు కూడా వేడికి, వయసుకి అలాగే గట్టిపడతాయి. ఒత్తిడి తగ్గుతుంది. ప్లేట్లు గట్టిగా పట్టుకోవు, జారతాయి. జారితే అరుగుతాయి, కాలతాయి. ఆ పొడి నూనెలో కలిసి వాల్వుల సన్నని దారుల్లో చేరుతుంది. దాంతో ఒత్తిడి ఇంకా తగ్గుతుంది. వదులు బెల్టు గ్రైండరులో మోటారు తిరుగుతూ రాయి తిరగనట్టు, ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. పదిసార్లు బూరెలు వేయించిన నూనెలాగా ఆ ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తుంది.

మొదటి మెట్టు: పరీక్ష

దున్నపోతు ఈనిందంటే దూడని కట్టేయమన్నట్టు, గేరు సరిగ్గా పడటం లేదనగానే గేర్‌బాక్స్ మార్చేయమనేవాళ్ళుంటారు. ఆగండి. బ్యాటరీ బలహీనపడినా, ఒక సెన్సర్ చెడినా, వైరు కనెక్షన్‌లో ఆయిల్ చేరినా, ఎక్కడో కారి ఆయిల్ తగ్గినా దాదాపు ఇవే లక్షణాలు కనిపించవచ్చు. వీటిలో చాలావరకు వేలల్లో తేలేవి, లక్షల్లోవి కావు.

అందుకని ముందు స్కానర్ పెట్టించి, కంప్యూటర్‌లో నమోదైన తప్పుల కోడ్లు కాగితం మీద తీసుకోవాలి. ఆయిల్ ఎంత ఉందో, ఏ రంగులో ఉందో చూడాలి. కింద సంప్ విప్పితే అక్కడ అయస్కాంతం ఉంటుంది. దాని మీద సన్నని బూడిదలాంటి పొడి ఉంటే మామూలు అరుగుదల. ఇనప రజను, ముక్కలు కనిపిస్తే లోపల గట్టి దెబ్బే. ఈ పరీక్షకయ్యే కొద్ది వేలకి వెనకాడితే లక్షలు గుడ్డిగా పెట్టాల్సి వస్తుంది.

ఇంకో మాట. ఆటోమేటిక్ బండి ఆగిపోతే తాడు కట్టి లాక్కుపోవద్దు. లోపల నూనె తిప్పే పంపు ఇంజన్‌తో నడుస్తుంది. ఇంజన్ ఆగి ఉండగా చక్రాలు తిరిగితే లోపలి భాగాలు నూనె లేకుండా ఒరుసుకుపోతాయి. బండి మొత్తాన్ని ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీ పిలవండి.

ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకునేవాళ్ళకి కూడా చెప్పాలి. మామూలు కారు పాలసీ ప్రమాదాలకి, దొంగతనానికి, వరదలాంటి వాటికి. అరుగుదలకి, యంత్రం దానంతటదే చెడిపోవడానికి అందులో డబ్బు రాదు. మేమూ పాలసీ కాగితం తీసి చూశాం. ఆ మాట స్పష్టంగా రాసి ఉంది.

నాలుగు దారులు, నాలుగు రేట్లు

పరీక్షలో మా బండికి ప్లేట్లే జారుతున్నాయని తేలింది. అప్పుడు మా ముందు నిలిచిన దారులివి.

కంపెనీ వర్క్‌షాప్‌లో కొత్త గేర్‌బాక్స్ – 7 లక్షల 40 వేలు. బండే ఐదు లక్షలు చేయదు! కోడి ఖరీదు కన్నా మసాలా ఖరీదు ఎక్కువన్నమాట.

యాక్సిడెంటయిన మరో బండిలోంచి తీసిన పాత గేర్‌బాక్స్ – కూలితో కలిపి లక్షా 60 వేలు. మాది ఆటోనగర్ పక్కనే పటమట. బెజవాడ ఆటోనగర్‌లో దొరకని విడిభాగం లేదంటారు. వాళ్ళు తెప్పిస్తామన్నారు. కానీ గ్యారంటీ నెల రోజులే. ఆ పాతదానికి ఏ జబ్బు ఉందో ఎవరికెరుక?

ఆయిల్, ఫిల్టర్ మార్చి వాల్వ్ బాడీ మాత్రం బాగు చేయడం – 70 వేలు. కాలిన ప్లేట్లు అలాగే ఉంటాయి కాబట్టి ఎన్నాళ్ళు నడుస్తుందో చెప్పలేమని ముందే అన్నారు.

హైదరాబాద్‌లో ఆటోమేటిక్ గేర్‌బాక్సులు మాత్రమే చూసే షెడ్డులో పూర్తిగా విప్పి ప్లేట్లు, సీళ్ళు మార్చి తిరిగి కట్టడం – లారీ కిరాయితో కలిపి 2 లక్షల 25 వేలు. ఏడాది గ్యారంటీ.

మావారి మనసు కంపెనీ గేర్‌బాక్స్ మీదికి పోయింది. పర్సనల్ లోన్ తీసుకుంటే సరి, బండి కొత్తదైపోతుందన్నారు. మా ఆడపడుచు భర్త మాత్రం ఆ తెల్ల ఏనుగుని వచ్చినకాడికి అమ్మేసి వాయిదాల మీద కొత్త చిన్న కారు కొనమన్నారు. పక్కింటివాళ్ళదీ అదే మాట. సలహాలకేం, ఉచితం!

ఇల్లాలి లెక్క

నేను ఇంటర్ దాకానే చదివాను. కానీ ఇంటి ఖర్చుల పుస్తకం ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నాను. ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను.

మొదటి సూత్రం: పోయిన డబ్బుని లెక్కలోకి తేవద్దు. తొమ్మిదిన్నర లక్షలు పెట్టి కొన్నాం, కిందటేడే టైర్లు వేయించాం, అయ్యో ఇప్పుడెలా వదులుకుంటాం అనిపిస్తుంది. ఆ డబ్బు అమ్మినా తిరిగి రాదు, ఉంచుకున్నా తిరిగి రాదు. ఇకముందు పెట్టబోయేదే లెక్క.

రెండో సూత్రం: రిపేరు ఖర్చుని బండి ధరతో పోల్చవద్దు. రెండు ధరల మధ్య తేడాతో పోల్చండి. విచారిస్తే, బాగా నడుస్తుంటే మా బండికి 5 లక్షలు వస్తాయన్నారు. ఉన్నదున్నట్టు అమ్మితే 2 లక్షల 25 వేలు. తేడా 2 లక్షల 75 వేలు. అంతకంటే తక్కువలో బాగయితే, రేపు అమ్మాలనుకున్నా మనం నష్టపోం. అంతకంటే ఎక్కువైతే ఆ రిపేరు శుద్ధ దండగ. 7 లక్షల 40 వేల దారి ఈ ఒక్క ప్రశ్నతోనే మూసుకుపోయింది.

మూడో సూత్రం: బాగు చేయించకపోతే ఏం కొంటాం, దానికేమవుతుందో చివరిదాకా లెక్కేయండి. బండిని ఉన్నదున్నట్టు అమ్మగా వచ్చిన 2 లక్షల 25 వేలు కట్టి, ఇంకో 6 లక్షలు అప్పు తీసుకుంటే చిన్న కారు వస్తుంది. తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఐదేళ్ళ అప్పంటే నెలకి దాదాపు 12,600. ఏడాదికి లక్షా 51 వేలు. ఇన్సూరెన్స్, సర్వీసు 35 వేలు. మా బండి ఏడాదికి 5,000 కిలోమీటర్లే తిరుగుతుంది. లీటరుకి 16 కిలోమీటర్లిస్తే, లీటరు 110 రూపాయల లెక్కన పెట్రోలు 34 వేలు. మొత్తం ఏడాదికి 2 లక్షల 20 వేలు.

పాత బండికి? రిపేరు 2 లక్షల 25 వేలని మూడేళ్ళకి పంచితే ఏడాదికి 75 వేలు. గడిచిన మూడేళ్ళలో ఇన్సూరెన్స్‌తో సహా దాని మీద ఖర్చు 48 వేలు, 71 వేలు, 61 వేలు. సగటున 60 వేలు. లీటరుకి పదే ఇస్తుంది కాబట్టి పెట్రోలు 55 వేలు. మొత్తం లక్షా 90 వేలు.

అంటే ఏడాదికి 30 వేలు మిగులు. మరి మూడేళ్ళ తర్వాత కొత్త కారుకి విలువ ఉంటుంది కదా అని మా ఆడపడుచు భర్త అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అది ఐదు లక్షలకి పోయినా అప్పటికి ఇంకా 2 లక్షల 74 వేలు బాకీ ఉంటుంది. చేతికొచ్చేది 2 లక్షల 26 వేలు. మా పాత బండికి అప్పుడు రెండు లక్షలొచ్చినా పెద్ద తేడా లేదు. పైగా పాత బండిని ఎప్పుడు కావాలంటే అప్పుడు వదిలించుకోవచ్చు. నెల వాయిదా మాత్రం వ్యాపారం నడిచినా నడవకపోయినా ఒకటో తారీకుకల్లా గుమ్మంలో నిలబడుతుంది. మా అబ్బాయి బీటెక్ ఇంకా మూడేళ్ళుంది.

నిజంగా గట్టి పోటీ ఇచ్చిన దారి వేరే ఉంది. 4 లక్షల్లో సెకండ్‌హ్యాండ్ చిన్న కారు. పాతది అమ్మిన డబ్బుకి లక్షా 75 వేలు కలిపితే చాలు. అంటే రిపేరు కన్నా 50 వేలు తక్కువ. పెట్రోలు కూడా కలిసొస్తుంది. కాకపోతే ముక్కూ మొహం తెలియని బండి. మా బండి జబ్బులు ఆరేళ్ళుగా పుస్తకంలో రాసి ఉన్నాయి. దాని జబ్బులు ఎవరు రాశారు?

ఇక్కడ మనసు మాట కూడా చెప్పాలి. ఆ బండంటే మావారికి ప్రాణం. కోరికలన్నీ వాయిదా వేసుకున్న మనిషికి యాభై ఏళ్ళకి దగ్గరపడ్డాక తీరిన ఒకే ఒక్క ముచ్చట. దాన్ని లెక్కలోంచి తీసేస్తే ఆ లెక్క ఇంటిది కాదు, కొట్టుది. కానీ ముచ్చటకి కూడా ఒక ధర కట్టాలి. ఆ ముచ్చటకి యాభై వేలకి మించి ఇవ్వనన్నాను. మొత్తం ఖర్చుకి 2 లక్షల 40 వేల దగ్గర గీత గీశాను. విప్పి చూశాక ఆ గీత దాటుతుందంటే, విప్పిన చోటే అమ్మేయాలి. మావారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత సరేనన్నారు.

డబ్బు ఎవరిది?

ఇక అసలు చిక్కు. ఆ డబ్బు ఎక్కడిది? చేతిలో ఉన్నది నేను నాలుగేళ్ళు కట్టి పాడుకున్న చీటీ డబ్బు, రెండున్నర లక్షలు. ముందు గదిలో ఇడ్లీ పిండి, దోసె పిండి అమ్మే వ్యాపారం పెట్టాలని దాచుకున్నది. టిల్టింగ్ గ్రైండరు, డీప్ ఫ్రీజరు ధరలు కూడా కనుక్కుని పెట్టుకున్నాను.

ఇలాంటప్పుడు మనం ఏం చేస్తామో మీకు తెలుసు. ఇంటికోసమే కదా అని తీసి ఇచ్చేస్తాం. తర్వాత ఆ డబ్బు సంగతి ఎవరికీ గుర్తుండదు, మనకి తప్ప. అందుకని నేను ఇచ్చాను, కానీ అప్పుగా ఇచ్చాను. పుస్తకంలో తేదీ వేసి, నెలకి పది వేల చొప్పున నా ఖాతాలో వేస్తానని మావారితో సంతకం పెట్టించాను. మా అత్తగారు విని, మొగుడూ పెళ్ళాల మధ్య అప్పేమిటే విడ్డూరం కాకపోతే అన్నారు. నేనన్నాను, అత్తయ్యా, బ్యాంకుకైతే నెలనెలా 12,600 తల వంచుకుని కడతారు, ఇంట్లో ఆడదాని దగ్గర తీసుకుంటే అప్పు కాకుండా పోతుందా? ఆవిడ కాసేపు ఊరుకుని, రాయించుకున్నదేదో గట్టిగానే రాయించుకో అన్నారు.

మార్చిలో బండి లారీ ఎక్కి హైదరాబాద్ వెళ్ళింది. విప్పి ఫోటోలు పంపారు. రెండు సెట్ల ప్లేట్లు మాడిన అట్టుల్లా ఉన్నాయి. పదహారు రోజులు పట్టింది. బిల్లు, లారీ కలిపి 2 లక్షల 32 వేలయింది. గీతకి ఎనిమిది వేలు ఇవతల! ఇప్పటికి ఎనిమిదో నెల, గేర్లు వెన్నలా పడుతున్నాయి. అప్పులో ఏడు వాయిదాలు ముట్టాయి. దసరా నెలది మాత్రం పదిహేను రోజులు ఆలస్యంగా వచ్చింది, అదీ రెండుసార్లు అడిగాక. ఇంకా లక్షా 62 వేలు రావాలి. నా డీప్ ఫ్రీజరు వెనక్కి జరిగిన మాట నిజమే. ఈలోగా ఇంట్లో ఉన్న గ్రైండరుతోనే పన్నెండిళ్ళకి పిండి పోస్తున్నాను.

ఇలాగైతే రిపేరు జోలికి పోవద్దు

* ఇంజన్ కూడా పొగ తాగుతుంటే, అడుగు రేకులు తుప్పుపట్టి ఉంటే.
* రిపేరుకే వడ్డీకి అప్పు తేవాల్సి వస్తే.
* మీ మోడల్‌కి విడిభాగాలు దొరకడం కష్టమైతే, ఆ రకం గేర్‌బాక్స్ విప్పడంలో అనుభవమున్నవాళ్ళు అందుబాటులో లేకపోతే.
* రోజూ ఉద్యోగానికి అదొక్కటే ఆధారమైతే. వారాల తరబడి షెడ్డులో ఉంటే మీకు గడవదు.
* రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడితే కూడా ఆలోచించండి. సొంత కారుకి మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళే. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000కి పెరిగింది. దానికి తోడు గ్రీన్ టాక్స్. మా బండికి 2027లో ఆ పని ఉంది. పుస్తకంలో ఇప్పుడే రాసి పెట్టాను.

బాగు చేయించేటప్పుడు

* అంచనా కాగితం మీద రాయించుకోండి. ఏయే భాగాలు మారుస్తారో పేర్లతో ఉండాలి.
* విప్పాక ఫోటోలు, మార్చిన పాత భాగాలు చూపించమనండి.
* టార్క్ కన్వర్టర్‌ని కూడా బాగు చేస్తున్నారా, ఆయిల్ కూలర్‌ని, గొట్టాలని కడుగుతున్నారా అని అడగండి. పాత పొడి అందులో మిగిలితే కొత్త ప్లేట్లకి మళ్ళీ అదే గతి.
* కంపెనీ చెప్పిన రకం ఆయిలే పోయించండి. ఏదో ఒకటి పోస్తే కుదరదు.
* పని అయ్యాక కంప్యూటర్‌లో పాత అలవాట్లు చెరిపి కొత్తగా నేర్పించాలి. బండి చల్లగా ఉన్నప్పుడొకసారి, బాగా వేడెక్కాక ఒకసారి నడిపి చూసి అప్పుడు డబ్బు ఇవ్వండి.
* గ్యారంటీ నోటిమాటగా వద్దు, బిల్లు మీద రాయించుకోండి.

జబ్బు రాకుండా

* ముందుకీ వెనక్కీ మార్చేటప్పుడు బండి పూర్తిగా ఆగాలి. కదులుతుండగా మార్చవద్దు.
* ఏటవాలులో ముందు హ్యాండ్‌బ్రేక్ వేసి, ఆ తర్వాత పార్కింగ్‌లో పెట్టాలి.
* ఎత్తు మీద సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలు పెట్టి ఆపాలి. యాక్సిలరేటరు తొక్కి నిలబెడితే లోపల నూనె మరిగిపోతుంది.
* ఈ ఆయిల్ జీవితకాలం పనిచేస్తుంది, మార్చక్కర్లేదని కొన్ని బండ్లకి చెబుతారు. ఎవరి జీవితకాలమో! ఎన్నో కంపెనీలకి గేర్‌బాక్సులు చేసి ఇచ్చే జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్, తన ఆటోమేటిక్ గేర్‌బాక్సులకి 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళకోసారి ఆయిల్ మార్చమని సలహా ఇస్తుంది. సెకండ్‌హ్యాండ్ బండి కొంటే ఆయిల్ ఎప్పుడు మార్చారో మొదట అడగండి. జవాబు లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి బేరం చేయండి.

చివరగా ఒక మాట. అమ్మాలని తేలితే జబ్బు దాచి అమ్మవద్దు. స్కానర్‌తో కోడ్లు చెరిపేస్తే బండి కొన్నాళ్ళు బాగున్నట్టే కనిపిస్తుంది. కానీ కొనేది కూడా మనలాంటి ఇల్లే, ఆ ఇంట్లోనూ ఓ ఇల్లాలి చీటీ డబ్బు ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పి తక్కువకి అమ్మినా రాత్రి నిద్ర పడుతుంది.

మీ ఇంట్లో స్కూటరైనా, కారైనా, వాషింగ్ మెషీనైనా ఇలాంటి సందిగ్ధం వస్తే ఒక కాగితం తీసుకుని మూడు అంకెలు రాయండి. బాగయితే ఎంత పలుకుతుంది, ఉన్నదున్నట్టు ఎంత వస్తుంది, రిపేరుకెంత? ఆ మూడూ పక్కపక్కన పడ్డాక ఇంట్లో సగం వాదన దానంతటదే తగ్గుతుంది. మిగతా సగానికి మీరున్నారు కదా!

వచ్చే వారం మళ్ళీ వంటింట్లో కలుద్దాం. ఇడ్లీ పిండి చలికాలంలో ఎందుకు పొంగదో, పొంగాలంటే ఏం చేయాలో చెబుతాను. పన్నెండిళ్ళకి పోస్తున్నాను, ఆ మాత్రం తెలియకపోతే ఎలా?